కూర్చోబెట్టడం సేవ కాదు

"నాన్నగారికి పార్కిన్సన్స్ అని తేలినప్పటి నుంచి ఆయన్ను కాలు కింద పెట్టనివ్వడం లేదు, డాక్టరు గారూ!" వృత్తిలో ఉండగా ఈ మాట నేను ఎన్నోసార్లు విన్నాను. చెప్పేవారి ప్రేమను శంకించను. కాని ఆ పనిని సేవ అని మాత్రం ఒప్పుకోను. నడవగలిగిన మనిషిని మంచానికి అప్పగించడమంటే, వ్యాధి రేపు చేయబోయే పనిని మనం ఈరోజే చేసిపెట్టడం.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని వర్ణించాడు. మెదడులో డోపమిన్‌ను తయారుచేసే కణాలు క్రమంగా నశిస్తాయి. కదలిక మందగిస్తుంది, కండరాలు బిగుసుకుంటాయి, అడుగులు చిన్నవవుతాయి. లెవోడోపా లక్షణాలను తగ్గిస్తుంది గాని వ్యాధిని నయం చేయదు. ఇంతవరకు నిజం. "కాబట్టి చేయగలిగిందేమీ లేదు" అన్నది అబద్ధం. వాడని కండరం క్షీణిస్తుంది, కదలని కీలు బిగుస్తుంది. రోగి కోల్పోయే శక్తిలో కొంత వ్యాధి తీసుకున్నది కాదు, మనం వేసిన కుర్చీ తీసుకున్నది.

"పడిపోతే ఎలా?" అంటారు. న్యాయమైన భయమే. అయితే పడకుండా కాపాడేది కాళ్ల బలం, శరీరపు తూకం, ఇంటి అమరిక. స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ వేయించండి. కాలికి తగిలే పట్టాలు తీసివేయండి. రాత్రి దీపం ఉంచండి. మందు వేళకు ఇచ్చి, అది బాగా పనిచేసే సమయంలో పక్కన ఒకరు తోడుండి నడిపించండి. గుమ్మం దగ్గర పాదాలు నేలకు అతుక్కున్నట్లు ఆగిపోతే చేయి పట్టి లాగకండి. ఒక్క క్షణం నిలబడనివ్వండి. "ఒకటి, రెండు" అని లెక్కపెట్టండి, లేదా నేలపై ఒక గీత చూపి దాటమనండి. చాలామందికి అడుగు పడుతుంది.

ఇక చేతికర్ర. "నలుగురూ ఏమనుకుంటారు?" అని దాన్ని తలుపు వెనుక దాచే ఇళ్లున్నాయి. చూపు మందగిస్తే కళ్లద్దాలు పెట్టుకోవడానికి లేని సిగ్గు, నడక మందగిస్తే కర్ర పట్టడానికి ఎందుకు? ఏది తగినదో ఫిజియోథెరపిస్టును అడిగి తెలుసుకోండి. ఒకనాటికి చక్రాల కుర్చీ అవసరమైనా అది ఓటమి కాదు, వీధిలోకి వెళ్లే వాహనం.

వైద్యులమూ నిర్దోషులం కాము. ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి మాత్రలు రాసి, "విశ్రాంతి తీసుకోండి" అని పంపాను. వ్యాయామం మాటే ఎత్తలేదు. ఏడాది తరువాత ఇద్దరు పట్టుకుంటే గాని ఆయన లేవలేకపోయారు. "మీరు చెప్పినట్టే చేశానండీ" అన్నారు. ఆ మాట నన్ను నేటికీ వదలలేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ను వైకల్యాల జాబితాలో చేర్చింది. అయినా ర్యాంపు లేని కార్యాలయాలు, ఎక్కలేనంత ఎత్తు మెట్ల బస్సులు ఆ రోగిని ఇంటికే కట్టిపడేస్తున్నాయి. దీన్ని నిలదీయవలసిందే. కాని ముందు మన ఇంటి గడప మాటేమిటి?

రేపు ఉదయం మీ నాన్నగారికి కాఫీ మంచం దగ్గరకు తీసుకువెళ్లకండి. అరుగు మీద పెట్టి, ఆయనకు చేయూతగా నిలబడి, అక్కడిదాకా నడిచి రమ్మనండి. పది నిమిషాలు పట్టనివ్వండి. ఆ పది నిమిషాల ఓపికే సేవ.