తాళం విప్పే విద్య చెబితే తప్పేంటి?

హాక్సా బ్లేడు ముక్కతో తాళం విప్పే పుల్ల చేశానని చెబితే మా కాలనీ పెద్దమనిషి ముఖం మాడ్చుకున్నాడు. "పిల్లల ముందు ఇవన్నీ ఎందుకు సార్" అన్నాడు. టూల్‌రూముల్లో ఫిట్టరుగా బతికి, రిటైరై శామీర్‌పేటలో ఉంటున్నవాణ్ని. పిల్లల ముందే చెప్పాలంటాను.

ఆ ముక్కలో ఉన్నది దొంగతనం కాదు, ఉక్కు. మామూలు కార్బన్ స్టీలు బ్లేడును గ్రైండరు మీద గట్టిగా అదిమితే అంచు నీలం తిరుగుతుంది, గట్టిదనం పోతుంది. అందుకే మాటిమాటికీ నీళ్లలో ముంచాలి. వంపు తిప్పాలంటే ఎర్రగా కాల్చి, బూడిదలో నిదానంగా చల్లారనివ్వాలి. మళ్లీ గట్టిపడాలంటే కాల్చి, అయస్కాంతం అంటుకోని వేడి, సుమారు 770 డిగ్రీలు, దాటాక నూనెలో ముంచాలి. అప్పుడది మహా పెళుసు, కాస్త వంచితే పుటుక్కుమంటుంది. పైన మసి తోమేసి మళ్లీ మెల్లగా వేడిచేస్తే 220 డిగ్రీల దగ్గర గడ్డిరంగు, తర్వాత గోధుమ, ఊదా, 300 దగ్గర నీలం వస్తాయి. ఉలి అంచుకు గడ్డిరంగు దాటీ దాటగానే ఆపాలి, స్ప్రింగులా వంగి లేవాలంటే నీలం దాకా పోవాలి. థర్మామీటరు లేకుండా కమ్మరి కొడవలికి చేసేదీ ఇదే.

ఉక్కు మనకు కొత్తదా? నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 1832లో అచ్చయిన హెన్రీ వాయిసీ వ్యాసం చెబుతుంది. ఆ నేల మీద పుట్టి, ఉక్కు పదును గురించి మాట్లాడితే ఉలిక్కిపడుతున్నాం.

ఈ విద్య దాచితే లాభం నాసిరకం తాళాలు అమ్మేవాడికే. 1851 లండన్ ఎగ్జిబిషన్‌కు అమెరికా నుంచి వచ్చిన తాళాల నిపుణుడు హాబ్స్, చబ్ కంపెనీ తాళాన్ని అరగంటలోపే విప్పాడు. బ్రామా కంపెనీ తాళానికి 16 రోజుల్లో 51 గంటలు పట్టింది. దొంగలకు దారి చూపాడని గోల చేశారు. కానీ ఏ తాళం ఎంతసేపు ఆగుతుందో కొనేవాళ్లకు తెలిసింది అప్పుడే.

మేడ్చల్, కొంపల్లి కొత్త ఇళ్లు చూడండి. టేకు తలుపు, దానికి ఖరీదైన తాళంకప్ప, ఆ కప్ప వేలాడే గొళ్లేనికి మాత్రం అరంగుళం స్క్రూలు! సంక్రాంతికి ఊరెళ్లిన ఇంటి మీద పడేవాడు నా పుల్లలాంటిది పట్టుకుని గంటలు కూర్చోడు. ఇనుప రాడ్డుతో గొళ్లెం ఊడబీకుతాడు. తలుపు అవతలి నుంచి నట్టు బిగించే బోల్టులు వేయించమంటే మాత్రం ఎవరికీ తీరిక ఉండదు.

రోడ్డు పక్క డూప్లికేట్ తాళంచెవులు చేసేవాడి మీదా ఇదే అనుమానం. ఖాళీ చెవిని తాళంలో తిప్పి, మీద పడ్డ సన్నటి గీతలు చూసి ఆకురాయితో రుద్దే ఆ పనితనం మా టూల్‌రూముకేమీ తీసిపోదు. తాళం తీసి పరాయి ఇంట్లో దూరితే భారతీయ న్యాయ సంహిత 330వ సెక్షన్ ఉండనే ఉంది. ఐటీఐల్లో ఫిట్టరు పిల్లలు గట్టిపరచడం, పదును పట్టడం పుస్తకంలో చదువుతూనే ఉన్నారు. వాళ్ల చేతికి నాలుగు రకాల తాళాలిచ్చి విప్పించి, తిరిగి బిగించమనండి. చెవులు చేసేవాణ్ని ఒక పూట పాఠానికి పిలవండి, కూలి ఇచ్చి.