డబ్బు ఏ తేదీకి?

ఫ్రీలాన్సర్లకు సలహాలిచ్చేవాళ్ళకు కొదవ లేదు. తెల్లవారుజామునే లేవమంటారు, ఇంట్లో ఒక మూల పనికే కేటాయించుకోమంటారు, ఫోను పక్కగదిలో పడేయమంటారు. మంచి మాటలే, వాటిలో సగం నేనూ పాటిస్తాను. అయితే అనువాదాలు చేసుకుని బతికే మనిషిగా నాకు తోచింది వేరు. మాలాంటివాళ్ళ పని బద్ధకం వల్లనో ఫోను వల్లనో కుంటుపడేది తక్కువ. చేసి పంపిన పనికి డబ్బు ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే మనిషిని పీల్చేస్తుంది. ఆ ఒక్క సంగతి ముందే తేలితే మిగతా సుఖాలు వాటి దారిన అవే వస్తాయి.

నేనుండేది ఒట్టన్‌చత్రంలో. దిండిగల్లుకీ పళనికీ మధ్య ఊరు. హైదరాబాదు నుంచి కొత్తగా పని ఇచ్చేవాళ్ళు "తమిళనాడులో కూర్చుని తెలుగా?" అని ఆశ్చర్యపోతారు. ఈ చుట్టుపక్కల కమ్మవాళ్ళు, రెడ్లు, దేవాంగులు, కంబళత్తు నాయకర్లు, అరుంధతీయులలో చాలామంది ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. మధుర నాయకుల కాలం నాటి కుటుంబాలు. పక్కనే విరూపాక్షి ఉంది, 1801లో కుంపిణీవాళ్ళు ఉరితీసిన గోపాల నాయకుడి పాళెం. ఇప్పుడు బయటివాళ్ళకు ఆ ఊరి పేరు కొండ అరటిపండు వల్లే తెలుసు. మాలో చాలామందికి తెలుగు నోట్లో ఉంది గానీ చేతిలో లేదు. నేను చదివిందీ తమిళ మీడియమే. మా ఆయన తిరుపతిలో ఉద్యోగం చేసిన రోజుల్లో బస్సు బోర్డులు కూడబలుక్కుంటూ అక్షరాలు పట్టుకున్నాను, తర్వాత వారపత్రికల మీద పడ్డాను. తిరిగి ఊరికొచ్చాక ఆయన ఎరువులు, పురుగుమందుల దుకాణం పెట్టుకున్నారు. నేను ఇంగ్లీషు నుంచి, తమిళం నుంచి తెలుగు చేసే పని పెట్టుకున్నాను.

మా ఊరికి పేరు తెచ్చింది కూరగాయల మార్కెట్. మునగకాయ, టమాటా, వంకాయ, చిక్కుడు, చిన్న ఉల్లి, ఏది కావాలన్నా ఇక్కడికి రావాల్సిందే. కేరళవాళ్ళ సాంబారులో మునక్కాయ చాలావరకు మా ఊరిదే. మా చిన్నాన్న మునగకాయ వేసే మండీకి చిన్నప్పుడు ఆయన వెంట పోయేదాన్ని. కట్టలు దించుతారు, తూకం వేస్తారు, రేటు పలుకుతుంది. గుమాస్తా చిన్న చీటీ మీద బరువు, రేటు, పట్టుకున్న కమిషన్, దించిన కూలీ, చేతికొచ్చే మొత్తం వరసగా రాసి చించి ఇస్తాడు. డబ్బు అప్పుడే ఇస్తాడా, ఫలానా రోజు రమ్మంటాడా అన్నదీ అక్కడే తేలిపోతుంది. చిన్నాన్న ఆ చీటీ జేబులో పెట్టుకుని టీ తాగి ఇంటికొచ్చేవాడు. మండీ ధర్మసత్రమేమీ కాదు. టమాటా ధర పడిపోయిన రోజున పండించినవాళ్ళు బుట్టలు రోడ్డు పక్కన కుమ్మరించి పోవడం ఈ ఊళ్ళో అందరం చూసినదే. ఆ రోజు చీటీ చూస్తే ఏడుపొస్తుంది. అయినా ఎంత పోయిందో ఆ సాయంత్రానికే తెలుస్తుంది, రేపు ఏం చేయాలో ఆలోచించుకోవచ్చు.

చదువుకున్నవాళ్ళు కంప్యూటర్ల మీద చేసే మా వ్యాపారంలో ఆ చీటీ లేదు. నేను మొదట్లో పనిచేసిన ఒక యాడ్ ఏజెన్సీ సంగతి చెబుతాను. పండగ ప్రకటనలు వచ్చాయంటే రాత్రి పదింటికి వాట్సాప్ మోగేది, పొద్దున్నకల్లా కావాలి అని. చేసి పంపేదాన్ని. "సూపర్ మేడమ్" అని రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చేది. బిల్లు పంపాక ఆ చేతులు కనబడేవి కావు. "ప్రాసెస్‌లో ఉంది" అనేవాళ్ళు. అకౌంటెంటు సెలవులో ఉన్నాడు. మార్చి కదా, ఆడిట్. ఏప్రిల్ కదా, కొత్త సంవత్సరం. అసలు క్లయింటు నుంచే మాకు రాలేదు. ఒక్క గుర్తు చేసే మెయిల్ రాయడానికి నాకు అరగంట పట్టేది. "మళ్ళీ అడుగుతున్నందుకు మన్నించాలి" అని మొదలుపెట్టి, చెరిపేసి, మళ్ళీ అదే రాసేదాన్ని. నా డబ్బు నేను అడగడానికి మన్నింపు దేనికో!

ఆ అరగంటతో పోదు కదా. పొద్దున్న ఆ మెయిల్ రాసినవాళ్ళకు మధ్యాహ్నం దాకా పని మీద మనసు నిలవదు. ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి వచ్చిన పనల్లా ఒప్పుకుంటాం, చేతకానిదీ, ఇష్టం లేనిదీ, రేటు గిట్టనిదీ కూడా. ఒప్పుకున్నవన్నీ ఒకదాని మీద ఒకటి పడితే ఏదీ బాగా చేయం. తైపూసానికి మా ఊరి మీదుగా పళనికి నడిచిపోయే జనం రోడ్డంతా నిండిపోతారు, మైకులు, కావళ్ళు, అన్నదానాలు. ఆ నాలుగు రోజులూ ఎవరికీ పని సాగదు, సాగకూడదు కూడా. కానీ బ్యాంకులో ఎంత పడుతుందో తెలియని మనిషి చెవుల్లో దూది పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. దీన్ని స్వేచ్ఛ అని ఎవరైనా అంటే నేను నవ్వుతాను.

సొంతంగా బతకడమనేది ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు ఇంట్లో పుట్టిన జి.డి.నాయుడు 1920లో ఒక్క బస్సు కొని పొల్లాచ్చికీ పళనికీ మధ్య తనే డ్రైవరుగా తిప్పాడు. తర్వాత అది యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది, ఆయన పెద్ద పరిశ్రమలు పెట్టి ఎన్నో యంత్రాలు కనిపెట్టాడు. ఆయన గురించి రాసేవాళ్ళంతా పట్టుదల, మేధస్సు అంటారు. ఒప్పుకుంటాను. దానికి తోడు ఇంకొకటి ఉంది, ఎవరూ చెప్పరు. బస్సు వ్యాపారంలో టికెట్టు డబ్బులు దిగకముందే చేతికొస్తాయి. పళనిలో దిగి "మా అకౌంటెంటు సెలవులో ఉన్నాడు" అనే ప్రయాణికుడు ఉండడు.

చట్టం మన పక్కన లేదా అంటే ఉంది. చాలామందికి తెలియదంతే. 2006లో వచ్చిన ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం చిన్న సంస్థకు రావలసిన బాకీని, రాతపూర్వకమైన ఒప్పందం ఉంటే అందులోని గడువుకు ఇవ్వాలి. ఆ గడువు 45 రోజులు దాటడానికి వీల్లేదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున నెలనెలా చక్రవడ్డీ. ఇంట్లో కూర్చుని ఒక్కరే సేవలందించేవాళ్ళు కూడా కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే సూక్ష్మ సంస్థే. పాన్, ఆధార్ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు. నమోదు మాత్రం పని ఒప్పుకోకముందే చేసుకోవడం మంచిది, బాకీ పడ్డాక చేసుకుంటే పాత బాకీకి పనికిరాకపోవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను లెక్కల్లోనూ ఒక మెలిక వచ్చింది. గడువులోపు ఇవ్వని బాకీని పని చేయించుకున్నవాళ్ళు ఆ ఏటి ఖర్చుగా చూపుకోలేరు, ఇచ్చిన ఏడాదే చూపుకోవాలి. నా అనుభవంలో మూడింతల వడ్డీ కంటే ఈ మెలికకే అకౌంటెంట్లు ఎక్కువ భయపడతారు. బిల్లు కింద ఉద్యమ్ నంబరు వేయడం మొదలుపెట్టాక "ప్రాసెస్" నడక కొంచెం పెరిగింది.

న్యూయార్క్ నగరం 2017 నుంచి ఫ్రీలాన్సర్ల కోసమే ఒక చట్టం అమలు చేస్తోంది. 800 డాలర్లు, అంతకు మించిన పనికి రాతలో ఒప్పందం ఉండాలి. డబ్బిచ్చే తేదీ రాయకపోతే పని పూర్తయిన 30 రోజుల్లో ఇచ్చేయాలి. 2024 నుంచి రాష్ట్రమంతటా ఇలాంటి చట్టమే అమల్లోకి వచ్చింది. అంత పెద్ద నగరంలోనూ జనం మా బాధే పడ్డారన్నమాట.

ఇక్కడొక మాట. నీతి ఆయోగ్ 2022 నివేదికలో దేశంలో గిగ్ పనివాళ్ళు 77 లక్షలని లెక్కగట్టింది. బైకుల మీద తిండి తెచ్చిచ్చే పిల్లలూ అందులో ఉన్నారు. వాళ్ళనూ నన్నూ ఒకే గాట కట్టడం నాకు నచ్చదు. వాళ్ళకు డబ్బు ఎప్పుడు పడుతుందో యాప్‌లోనే కనబడుతుంది, రేటు మాత్రం వాళ్ళ చేతిలో లేదు. నాకు రేటు నా చేతిలోనే ఉంది, తేదీ లేదు. వాళ్ళ పోరాటం నాదానికంటే కష్టమైనది. దాని గురించి రాయాల్సింది ఆ బండి నడిపేవాళ్ళు.

గట్టిగా అడిగితే పని పోతుంది కదా అని తోటి అనువాదకులు అంటారు. పోతుంది. ఆ యాడ్ ఏజెన్సీకి "సగం ముందు, సగం పని అందిన పదిహేను రోజుల్లో" అని రాశాక మళ్ళీ వాట్సాప్ మోగలేదు. పోయిన పనితో పోయింది రాత్రి పదింటి పని, రాని డబ్బు, మన్నింపుల మెయిళ్ళు. వాటి కోసం ఎవరైనా దిగులు పడతారా? కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళకు నెల గడవాలి, అందరూ మొదటి రోజే అంత ధైర్యం చేయలేరు, నిజమే. అలాంటివాళ్ళు కనీసం తేదీ అడగండి. సగం ముందు ఇవ్వనన్న మనిషి కూడా తేదీ చెప్పడానికి సిగ్గుపడతాడు గానీ కోప్పడడు. తేదీ కూడా చెప్పనివాడు ఎలాంటివాడో అప్పుడే తెలిసిపోయినట్టు. బిల్లులో పది శాతం టీడీఎస్ కింద పట్టుకుంటే అది ప్రభుత్వానికి కట్టారో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోండి. అది కూడా మీ డబ్బే.

తేదీ తెలిశాక పనిలో ఏం మారుతుందో చెప్పాలి. నా ఖాతాదారుల్లో పురుగుమందుల కంపెనీ ఒకటుంది. డబ్బాతో పాటు మడత పెట్టి ఇచ్చే కరపత్రాలు తెలుగు చేస్తుంటాను. ఎర్ర, పసుపు, నీలి, ఆకుపచ్చ త్రికోణాల్లో ఏది ఎంత విషమో, ఒంటి మీద పడితే ఏం చేయాలో, విరుగుడు ఏమిటో, ఏ పురుగుకు ఎంత మోతాదో అన్నీ అందులో ఉంటాయి. అక్షరాలు చీమల్లా ఉంటాయి. వాళ్ళు నెలాఖరుకు ఇస్తామంటే నెలాఖరుకే ఇస్తారు. అందుకే ఆ కాగితాలు పట్టుకుని మధ్యాహ్నం వేళ మా ఆయన దుకాణానికి పోతాను. చిన్నాన్న అక్కడే బస్తాల మీద కూర్చుని ఉంటాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు, వినడం బాగా వచ్చు. నేను పైకి చదువుతాను.

ఒకసారి ఒక మందు మోతాదు చదివాను, హెక్టారుకు ఇన్ని గ్రాములు, ఇన్ని లీటర్ల నీళ్ళలో అని. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"హెట్టారంటే ఎంతమ్మా? మనకుండేది ఎకరాలు గదా."

"రెండున్నర ఎకరాలు చిన్నాన్నా, కొంచెం తక్కువ."

"అట్లయితే ఒక ట్యాంకుకి ఎంత పొయ్యాలో అది చెప్పు. లెక్క తప్పి ఎక్కువ పోస్తే చెట్టు మాడిపోదా?"

కరపత్రంలో అంకెలు నేను మార్చకూడదు, అవి ప్రభుత్వ కమిటీ ఆమోదించినవి. కానీ రైతు ప్రశ్న అబద్ధం కాదు కదా. కంపెనీకి ఒక నోటు రాశాను, ఎకరాకు ఎంత, పదహారు లీటర్ల ట్యాంకుకు ఎంత అని మీ వ్యవసాయ నిపుణులే లెక్కగట్టి వేరే కాగితంగా ఇస్తే బాగుంటుందని. ఇచ్చారు. దాన్నీ నన్నే తెలుగు చేయమన్నారు, వేరే బిల్లు. దుకాణంలో గడిపిన ఆ మధ్యాహ్నానికి ఎవరూ నాకు కూలీ ఇవ్వలేదు. నెలాఖరు మీద నమ్మకం ఉంది కనుకే దాన్ని దండగనుకోకుండా కూర్చోగలిగాను. బాకీ మెయిల్ రాసిన రోజైతే గ్రాములు గ్రాములుగానే వదిలేసి, మాటకు రూపాయి డెబ్బై పైసలు లెక్కేసుకుని తర్వాతి ఫైలు తెరిచేదాన్ని. పని బాగా చేయడానికి తీరిక ఉండాలి. ఆ తీరిక కొనేది రేటు కాదు, తేదీ.

ఇంట్లోనూ దీని ప్రభావం ఉంటుంది. "ఇంట్లోనే ఉండావు గదా, కాస్త రేషను తెచ్చిపెట్టు" అనే మాట మా అత్తగారి నోట చాలాకాలం విన్నాను. నెలకొకసారి ఫలానా తేదీన డబ్బు పడడం మొదలయ్యాక ఆవిడే పక్కింటావిడతో "దానికి పనుంది, సాయంత్రం రా" అని చెప్పి పంపేస్తోంది. తలుపు మీద బోర్డు పెట్టుకోమని సలహా చెప్పే పుస్తకాలకు ఈ సంగతి తెలియదు.

ఇక పని ఇచ్చేవాళ్ళతో ఒక మాట. తెలుగు ప్రచురణకర్తలు, పత్రికలు, ఏజెన్సీలు, డబ్బింగు స్టూడియోలు, మీరు పంపే పని ఆర్డరులో ఎన్ని పేజీలు, ఎప్పటికి కావాలి, ఏ ఫాంటులో కావాలి అన్నీ ఉంటాయి. డబ్బు ఏ తేదీకి ఇస్తారన్న వరస ఒక్కటీ ఉండదు. పని ఆలస్యమైతే కోత వేస్తామని రాసేవాళ్ళు డబ్బు ఆలస్యమైతే ఏం చేస్తారో కూడా రాయాలి. మీరు రాసేదాకా నేను ఆగడం లేదు. ఒప్పుకునే ప్రతి పనికీ నా జవాబులో ఇలా రాసి పంపుతున్నాను, కావాలంటే ఎవరైనా ఎత్తిరాసుకోవచ్చు: "పని ఫలానా తేదీకి అందిస్తాను. మొత్తం ఇంత. డబ్బు ఫలానా తేదీలోపు ఇవ్వాలి. ఇది మీకు సమ్మతమని జవాబు వచ్చాక పని మొదలుపెడతాను."