పార్టీలో తగాదా వస్తే ఊరిని లెక్కించేదెవరు?

పల్నాటిలో తగాదా అనగానే అందరికీ రెండు పార్టీల మధ్య జరిగేదే గుర్తుకు వస్తుంది. 2024 మే 13న పోలింగు సందర్భంగా మాచర్ల, నరసరావుపేట ప్రాంతాలలో జరిగిన దౌర్జన్యాల దరిమిలా ఎన్నికల సంఘం జిల్లా ఎస్.పి.ని సస్పెండు చేసింది, కలెక్టరును బదిలీ చేసింది. ఆ తగాదా పత్రికలకు ఎక్కుతుంది, కోర్టులకు ఎక్కుతుంది. ఇంకొక తగాదా ఉన్నది. అది ఒకే పార్టీలో, ఒకే జెండా కింద సాగుతుంది. క్రోసూరు కానీయండి, అచ్చంపేట కానీయండి, ఏ మండల కేంద్రంలోనైనా నాయకుని పుట్టినరోజుకు రెండు ఫ్లెక్సీలు లేస్తాయి. ఒకదానిలో ఉన్న బొమ్మ రెండవదానిలో లేకుండా జాగ్రత్తపడతారు. మే 28న ఒకే విగ్రహానికి పొద్దున ఒక వర్గం దండ వేసి వెళ్లిపోతే, ఎండెక్కాక మరొక వర్గం వచ్చి వేరే దండ వేస్తుంది. చూసేవారికి నవ్వులాటగా ఉంటుంది గాని ఆ రెండు దండల మధ్య ఊళ్లో మాటలు ఆగిపోయిన కుటుంబాలు ఉంటాయి.

ఈ రెండవ తగాదా సంగతేమిటో తెలుసుకోదలచినవారు నాయకుల ఉపన్యాసాలు వింటూ కూర్చుంటే ఏమీ తేలదు. ఉపన్యాసాలలో ఇద్దరూ ఒకే నాయకుని పొగుడుతారు. ఏ పెత్తనం ఎవరి చేతిలో నుంచి ఎవరి చేతికి మారిందో చూడాలి. మార్కెట్ యార్డు చైర్మన్ పదవి, కాలువ నీటి సంఘం, రేషన్ డీలరుషిప్పు, ఉపాధి హామీ పనులలో ఫీల్డు అసిస్టెంటు ఉద్యోగం, వీటి చుట్టూనే వర్గాలు అల్లుకొని ఉంటాయి. ప్రాథమిక సహకార సంఘాలకు 2013లో ఎన్నికలు జరిగిన తరువాత ఏళ్ల తరబడి త్రిసభ్య కమిటీలతోనే నడిపించారు. రైతులు ఓటు వేసి ఎన్నుకోవలసిన పదవిని పైనుంచి రాసి ఇచ్చేదిగా మార్చితే, ఆ రాసే చేతి కోసం పార్టీలోనే కొట్లాట రాక ఏమవుతుంది?

అయితే ఇంత చిన్న ఊరి తగాదాకు పై నుంచి నడిచి వచ్చిన దారి ఒకటి ఉన్నది. అది తెలుగుదేశం పార్టీ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

1982 మార్చి 29న పుట్టిన ఆ పార్టీ 1983 జనవరిలో 294 స్థానాల శాసనసభలో రెండు వందలకు పైగా గెలిచింది. రెండేళ్లు తిరగకముందే చీలిక వచ్చింది. ఎన్.టి. రామారావు అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకొని తిరిగి వచ్చీరాగానే, 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫు చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. భాస్కరరావు మన ఉమ్మడి గుంటూరు జిల్లావారే. వేమూరు నుంచి గెలిచి ఆర్థికమంత్రిగా ఉన్నవారు. సభలో సగానికి మించిన సభ్యులను వెంటబెట్టుకొని రామారావు ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ఎదుట నిలబడ్డారు. ఆ సభ్యులను కర్నాటకలో శిబిరాలు పెట్టి కాపాడుకోవలసి వచ్చింది. ఇక్కడ ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయినవారు కూడా ఉన్నారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అంతటితో ఆగక 1985 మార్చిలో ఎన్నికలు పెట్టి ప్రజలచేత మరొకసారి అవుననిపించుకొన్నారు.

1995 నాటి కథ వేరు. 1994 డిసెంబరులో ఆ పార్టీ 216 స్థానాలు గెలిచింది. తొమ్మిది నెలలు నిండకుండానే ఆగస్టు ఆఖరి వారంలో శాసనసభ్యులు హైదరాబాదులో వైస్రాయి హోటలుకు చేరారు. నరసరావుపేటలో అధ్యాపకురాలిగా పనిచేసి, 1993లో రామారావును వివాహమాడిన లక్ష్మీపార్వతి జోక్యం పెరిగిందని ఒక వర్గం అన్నది. అల్లుడే వెన్నుపోటు పొడిచాడని రామారావు అన్నారు. సభను రద్దు చేయమని ఆయన సిఫారసు చేశారు గాని గవర్నరు కృష్ణకాంత్ అంగీకరించలేదు. సెప్టెంబరు 1న చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. 1996 జనవరి 18న రామారావు కన్నుమూశారు. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికలలో చంద్రబాబు నాయకత్వంలోని పార్టీకి 16 స్థానాలు వచ్చాయి. లక్ష్మీపార్వతి వర్గానికి ఒక్కటీ రాలేదు.

ఈ రెండింటిలో ఏది న్యాయం, ఏది ద్రోహం అని మేము తీర్పు చెప్పబోవడం లేదు. ఆ తగువు క్రోసూరు టీ కొట్లలో ఇప్పటికీ తెగలేదు, మా వల్ల తెగేదీ కాదు. మేము చూపదలచింది మరొకటి. 1984లో తగాదా వీధిలోకి వచ్చింది, ఊరి మనిషి దానిలో ఒక మాట చెప్పగలిగాడు, ఆ మాట చెల్లింది. 1995లో తగాదా హోటలులో మొదలై హోటలులోనే ముగిసింది. 1994లో ఓటు వేసినవాడు మర్నాడు పత్రిక చూసి తన ముఖ్యమంత్రి మారినట్లు తెలుసుకొన్నాడు. రాష్ట్ర ప్రభుత్వం విషయంలో అతని అభిప్రాయం అడిగింది మళ్లీ 1999లోనే. అప్పటినుంచి మన ప్రాంతీయ పార్టీలన్నీ నేర్చుకొన్న పాఠం 1995దే, 1984ది కాదు. తలలు లెక్కపెట్టేది శాసనసభ్యులవి మాత్రమే.

ఇది తెలుగువారికే పట్టిన రోగమని అనుకోనక్కర లేదు. 1987 డిసెంబరులో ఎం.జి. రామచంద్రన్ మరణించగానే తమిళనాట అన్నాడిఎంకె రెండుగా చీలింది. రెండాకుల గుర్తును ఎన్నికల సంఘం ఎవరికీ ఇవ్వలేదు. 1989 ఎన్నికలలో జానకి వర్గం పావురాల జంటతో, జయలలిత వర్గం కోడిపుంజుతో పోటీ చేశాయి, మధ్యలో డిఎంకె గెలిచింది. కోడిపుంజు పేరు వింటే మనవాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. కారెంపూడి తిరునాళ్లలో కోడిపోరు నేటికీ ఒక రోజు పండుగ. నలగామరాజు, మలిదేవరాజు ఒక తండ్రి బిడ్డలే. గురజాల, మాచర్ల ఒక రాజ్యపు ముక్కలే. ఆ పోరులో బాలచంద్రుని వంటి వారందరూ నాగులేటి ఒడ్డున పడిపోయారు. పెద్దరికం వహించిన నాగమ్మ మిగిలింది, బ్రహ్మనాయుడు మిగిలి గుత్తికొండ బిలంలోకి వెళ్లాడని చెప్పుకొంటారు. పడినవారిని ఎవరూ ముందుగా సలహా అడిగినట్లు కథలో ఎక్కడా లేదు.

ఇక చట్టం సంగతి. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చినప్పుడు మూడింట ఒక వంతు సభ్యులు విడిపోతే దానిని చీలికగా ఒప్పుకొన్నారు. 2003లో చేసిన 91వ సవరణతో ఆ వెసులుబాటు తీసివేశారు. ఇప్పుడు మూడింట రెండు వంతులమంది వేరొక పార్టీలో విలీనమైతేనే చెల్లుతుంది. ఫిరాయింపులు ఆగాయా అంటే లేదు. 2014లో ఎన్నికైన సభలోనే 23 మంది వై.ఎస్.ఆర్. కాంగ్రెసు సభ్యులు అధికారపక్షం వైపు వెళ్లారు, వారి మీద అనర్హత వేటు పడకుండానే పదవీకాలం గడిచిపోయింది. ఒకటి మాత్రం జరిగింది. బయటికి చీలిపోయే దారి ఇరుకైనకొద్దీ అసంతృప్తి పార్టీ లోపలే ఉండిపోయి నియోజకవర్గాలకు, అక్కడినుంచి మండలాలకు దిగింది.

గుర్తు ఎవరిదనే తగువు వస్తే 1968 నాటి గుర్తుల ఉత్తర్వు ప్రకారం ఎన్నికల సంఘం తేల్చాలి. పార్టీ ఆశయాలు, పార్టీ నిబంధనావళి, సంస్థలోను చట్టసభలలోను మెజారిటీ, ఇవి చూస్తారు. 1971లో కాంగ్రెసు చీలిక కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని సమర్థించింది. మరి 2023 ఫిబ్రవరి 17న శివసేన విల్లంబుల గుర్తును షిండే వర్గానికి ఇచ్చినప్పుడు ఏమి జరిగింది? ఆ పార్టీ 2018లో మార్చుకొన్న నిబంధనావళి సంఘం దగ్గర దాఖలు కాలేదని, పదాధికారులను ఎన్నుకోకుండా నియమించుకొన్నారని, కనుక సంస్థలో మెజారిటీని నమ్మడానికి వీలులేదని ఎన్నికల సంఘం చెప్పింది. చివరకు 55 మంది ఎమ్మెల్యేలలో 40 మంది ఎటు ఉన్నారన్నదే లెక్కకు వచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో నేషనలిస్టు కాంగ్రెసు గడియారం కూడా శాసనసభ్యుల లెక్కతోనే అజిత్ పవార్ వర్గానికి వెళ్లింది.

ఊరి కార్యకర్త గట్టిగా పట్టించుకోవలసింది ఇక్కడే. పార్టీలో గ్రామ కమిటీ ఎన్నిక నిజంగా జరిగి, కాగితం మీద ఉంటే, రేపు పార్టీ చీలిననాడు ఆ కమిటీకి ఒక విలువ ఉంటుంది. కమిటీని ఎవరో ఇంట్లో కూర్చొని రాసి ఉంటే, అది ఉన్నా లేనట్లే. ఇరవై ఏళ్లు జెండా మోసినవాని పేరు లెక్కలోకి రాదు.

మన పార్టీలు ఈ విషయంలో ఎంత దూరంలో ఉన్నాయో చూడండి. 2022 జూలైలో నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుట జరిగిన ప్లీనరీలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు తమ నాయకుని శాశ్వత అధ్యక్షునిగా ప్రకటించుకొన్నది. పార్టీలో శాశ్వత పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం ఆ సెప్టెంబరులో అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. తెలుగుదేశం వారు 2024 చివరలో 100 రూపాయలకు సభ్యత్వం ఇచ్చి ప్రమాద బీమా కల్పించారు. బీమా మంచిదే, పార్టీ పనిమీద తిరిగేవాని ఇంటికి అది అక్కరకు వస్తుంది. కాని ఆ కార్డు ఉన్న మనిషికి బీమా ఎంతో చెప్పడం తెలుసు, పార్టీలో ఓటు ఉందో లేదో తెలియదు. అభ్యర్థి ఎవరైతే బాగుంటుందని ఫోను వస్తుంది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది. ఎవరికి ఎన్ని నొక్కులు పడ్డాయో నొక్కినవానికి చెప్పేవారు లేరు.

పక్కనున్న సత్తెనపల్లి సంగతే తీసుకోండి. 2019లో అక్కడ ఓడిన కోడెల శివప్రసాదరావు ఆ సెప్టెంబరులో మరణించిన తరువాత తెలుగుదేశంలో ఆ స్థానం కోసం ఒకరికంటే ఎక్కువమంది ఆశించారు. మన పెదకూరపాడు నుంచి కాంగ్రెసు తరఫున నాలుగుసార్లు గెలిచిన కన్నా లక్ష్మీనారాయణ 2023 ఫిబ్రవరిలో ఆ పార్టీలో చేరి, కొద్ది నెలలకే సత్తెనపల్లి ఇన్‌ఛార్జి అయ్యారు. కోడెల కుమారుడు బాహాటంగానే నిరసన తెలిపారు. 2024లో కన్నా గెలిచారు కూడా. పార్టీ లెక్క తప్పలేదని నాయకత్వం అనవచ్చు. కాని 1989 నుంచి 2004 దాకా మన ఊళ్లలో ఆయనకు ఎదురు నిలిచి పనిచేసినవారు, ఆయన వెంట నడిచినవారు ఒక్క తెల్లవారేసరికి ఒకే జెండా కిందికి వస్తే, పాత కోపాలు ఎక్కడికి పోతాయి? పార్టీ లోపలికే వస్తాయి. ఆ కలయిక గురించి ఊళ్లలో కూర్చోబెట్టి మాట్లాడి, ఒప్పించి, ఓటు వేయించి ఉంటే రెండు దండల అవసరం కొంతైనా తగ్గి ఉండేది. ఇన్‌ఛార్జి అనే పదవిని ఎవరూ ఎన్నుకోరు. తీసివేసేదీ ఎవరో తెలియదు. అన్న వదిలిన బాణాన్నని పాదయాత్ర చేసిన షర్మిల 2021లో తెలంగాణలో వేరే పార్టీ పెట్టినా, 2025 సెప్టెంబరులో తండ్రి పార్టీ కవితను సస్పెండు చేసినా, అక్కడ కూడా సభ్యుల చేత ఓటు వేయించి తేల్చినది ఏమీ లేదు.

ఊళ్లో పార్టీ ఎన్నిక పెడితే తలలు పగులుతాయని నాయకులు అంటారు. ఎన్నిక లేకుండానే పగులుతున్నవి కనబడడం లేదా? ఎన్నిక జరిగితే ఓడినవాడు ఎన్ని ఓట్లతో ఓడాడో తెలుసుకొని ఇంటికి పోతాడు. నియామకం జరిగితే ఓడినవాడంటూ ఎవరూ ఉండరు, అందరూ అన్యాయమైపోయినవారే. ఆ మనిషి కేసుల పాలైతే గురజాల, సత్తెనపల్లి కోర్టులకు బస్సు చార్జీలు పెట్టుకొని వాయిదాలకు తిరిగేది అతనే. ఎవరి కోసం తిరుగుతున్నాడో ఆ నాయకుడు ఈలోగా వేరే జెండా పట్టుకొని ఉండవచ్చు.

కనుక అడగవలసింది పెద్ద విషయమేమీ కాదు. గ్రామం వారీగా సభ్యుల జాబితా బయట పెట్టాలి. పేర్లు చూసుకోవడానికి, అభ్యంతరాలు చెప్పడానికి గడువు ఇవ్వాలి. గ్రామ కమిటీని, మండల కమిటీని చీటీల మీద ఓటుతో ఎన్నుకోవాలి. ఫలితం సంతకాలతో పార్టీ కార్యాలయానికి, అక్కడినుంచి ఎన్నికల సంఘానికి పంపాలి. పాల సంఘం పెట్టుకొన్న మనకు ఈ పద్ధతి కొత్తది కాదు. ఏ పార్టీ వారైనా సభ్యత్వ పుస్తకాలు పట్టుకొని మళ్లీ ఇంటికి వచ్చినప్పుడు, రశీదు తీసికొనే ముందు జాబితా ఎక్కడ అంటిస్తారని అడగండి. క్రోసూరు మండలంలో ఏ ఊళ్లోనైనా, ఏ పార్టీ అయినా, రచ్చబండ దగ్గర మూడు రోజులపాటు తమ సభ్యుల జాబితా అంటిస్తే, ఆ ఊరి పేరు, పార్టీ పేరు ఈ పేజీలోనే వేస్తాము.