కొనేముందు: తూచింది దేన్ని?

కిందటి సంచికలో ఈ శీర్షిక కింద వంటనూనెల గురించి రాస్తే, "మా పిల్లలు జిమ్ముకు వెళ్తూ వేలకు వేలు పోసి కొంటున్న డబ్బాల మాటేమిటండీ?" అని మన బీదరు సోదరి ఒకరు అడిగారు. జవాబు రాద్దామని కూర్చుంటే ముందు గుర్తొచ్చింది మా ఇంటి అటక మీదున్న బెల్టు. దాని సంగతి దాచిపెట్టి ఇతరులకు సలహాలివ్వడం బాగుండదు.

చాలా ఏళ్ళ కిందట అర్ధరాత్రి టీవీ ప్రకటన చూసి, ఫోను చేసి తెప్పించుకున్నాను. నడుముకు చుట్టుకుని ప్లగ్గు పెడితే వేడెక్కుతుంది, పొట్ట కరిగిపోతుందన్నారు. మొదటిరోజు గంటసేపు చుట్టుకుని చెమటతో తడిసి ముద్దయి తూకం మిషను ఎక్కాను. అర కిలో తగ్గాను! సంబరంగా కేకేస్తే మా ఆవిడ రెండు పెద్ద గ్లాసుల మజ్జిగ తెచ్చి, "ఇవి తాగి మళ్ళీ ఎక్కండి" అంది. ఎక్కాను. పోయిన బరువంతా తిరిగొచ్చింది.

మిషను అబద్ధం చెప్పలేదు. అది తూచింది ఒంట్లోని నీళ్ళను. కొవ్వు అని అనుకున్నది నేను, అనిపించింది ప్రకటన. ఇలాంటివి అగ్రరాజ్యంలోనూ తక్కువేం కాదు. కూర్చున్నచోటే కండరాలను కరెంటుతో జలదరింపజేసి పొట్ట తగ్గిస్తామన్న మూడు రకాల బెల్టుల మీద 2002లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసులు పెట్టింది.

ఇక డబ్బాల సంగతి. మా చెల్లెలి కొడుకు ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. "మామయ్యా, ఇది మీ బెల్టులాంటిది కాదు. ల్యాబులో పరీక్ష చేసిన సరుకు. చూడండి, స్కూపుకు 24 గ్రాముల ప్రొటీన్."

"ల్యాబులో కొలిచింది దేన్నిరా?" అన్నాను. వాడు నా మొహంలోకి చూశాడు.

ఆహారంలో మాంసకృత్తులు ఎన్నున్నాయో చెప్పడానికి ఎంతోకాలంగా వాడుతున్న పద్ధతిలో నేరుగా మాంసకృత్తులను కొలవరు. నత్రజనిని కొలిచి, వచ్చిన అంకెను సాధారణంగా 6.25తో హెచ్చిస్తారు. మోసానికి సందు అక్కడే ఉంది. గ్లైసిన్, టారిన్ లాంటి చవక పదార్థాల్లోనూ నత్రజని ఉంటుంది. అవి కలిపితే పరీక్షలో అంకె పెరుగుతుంది, కండకు చేరేది మాత్రం పెరగదు. చైనాలో 2008లో బయటపడిన పాలపొడి ఘోరమూ ఈ సందులోంచి దూరిందే. నీళ్ళు కలిపిన పాలలో నత్రజని తగ్గినట్టు కనబడకుండా మెలమిన్ అనే రసాయనం కలిపారు. దాదాపు 3 లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు.

మన దేశంలో అమ్ముతున్న 36 రకాల ప్రొటీన్ పొడులను కేరళ వైద్యుల బృందం ఒకటి పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించింది. అందులో దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్ వివరాలు సరిగ్గా లేవు. అదే ఏడాది మే నెలలో హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార సూచనల్లో, కండలు పెంచడానికి ఈ పొడులు వాడవద్దని చెప్పారు.

డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ వారి 14 అంకెల లైసెన్సు నంబరు ఉంది కదా అన్నాడు మావాడు. ఉంది, ఉండాలి కూడా. అది తయారుదారుకిచ్చిన లైసెన్సు. "30 రోజుల్లో కండలు" అన్న మాటకు ఇచ్చిన పూచీ కాదు.

తర్వాత కాగితం తీసి వాడి తిండి లెక్కవేశాం. మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలంటారు. వీడు 60 కిలోలు, అంటే 50 గ్రాములు. మన జిల్లా పొలాల్లో పండే కందిపప్పు వంద గ్రాములకు 22, రెండు గుడ్లకు 12, అర లీటరు పాలకు 16, 200 గ్రాముల జొన్నపిండి రొట్టెలకు 20. మొత్తం 70! బరువులెత్తేవాడికి కాస్త ఎక్కువ కావాలన్నా, ఇంకో గుప్పెడు వేరుశనగలు చాలవూ? "నేను రోజూ మొత్తుకునేది ఇదేగా అన్నయ్యా" అని మా చెల్లెలు వంటింట్లోంచే అంది.

మోసపోయామనుకుంటే ఏం చేయాలి? జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు. కర్ణాటకలో ఉన్నా తెలుగులోనే మాట్లాడవచ్చు, ఇది మనవాళ్ళు చాలామందికి తెలియదు. 2019 చట్టం ప్రకారం, అమ్మినవాడు ఏ ఊళ్ళో ఉన్నా మనం ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. తప్పుదారి పట్టించే ప్రకటనకు కేంద్ర ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయగలదు.

అన్నిటికీ కావలసింది బిల్లు.

"బిల్లేదిరా?" అన్నాను.

"జిమ్ములో అన్న దగ్గరే కొన్నాను మామయ్యా. ఆయన్ని బిల్లడిగితే ఏమనుకుంటారో అని..."

వ్యాయామం నేర్పే మనిషే సరుకూ అమ్మితే వచ్చే చిక్కిదే. గురువనుకుని నోరెత్తలేం. రేపు వాడి వెంట నేనూ వెళ్ళి అడిగిస్తాను. నా బెల్టుకూ బిల్లు లేదన్న సంగతి మాత్రం, ఈ సంచిక వాడి చేతికి వచ్చేదాకా తెలియదు.