ముప్పై వేల టికెట్లు, ఖాళీ మైదానం



కరోనా నాటి ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌పై గత సంచికలో వచ్చిన వ్యాసం చదివించింది. జనం లేకున్నా ఆట సాగిపోయిందన్న మాట దగ్గరే పేచీ.

సాగింది ప్రీమియర్ లీగ్. టీవీ సొమ్ముంది కనుక 2020 జూన్ 17న ఖాళీ స్టాండ్ల మధ్యే మళ్లీ మొదలైంది. చిన్న క్లబ్బుల బతుకు వేరు: గేటు దగ్గర చేతికందే డబ్బు, బార్‌లో అమ్మే బీరు, టీ, బర్గర్లు. ఆ క్లబ్బులాడే లీగుల్లో, ఏడో అంచె నుంచి పదో అంచె దాకా, 2019–20 ఫలితాలన్నీ రద్దు చేశారు. ఆడిన ఆటలు ఆడనట్టే!

2020 ఆగస్టు చివర్లో ఈ చిన్న మైదానాల్లోకి పరిమితంగా జనాన్ని రానిచ్చారు. పేరు, ఫోన్ నంబరు ఇచ్చి, ఎడంగా నిలబడి చూసేవారు. నవంబరు 5 లాక్‌డౌన్‌తో అదీ పోయింది.

వ్యాసకర్త వదిలేసిన అసలు కథ మెరీన్‌ది. ఎనిమిదో అంచె క్లబ్బు. 2021 జనవరి 10న ఎఫ్‌ఏ కప్ మూడో రౌండ్‌కు టోటెన్‌హామ్ అంతటి జట్టు క్రాస్బీలోని దాని మైదానానికొచ్చింది. గేట్లు మూసే ఉన్నాయి. మైదానాన్ని ఆనుకుని ఇళ్ల పెరళ్లున్నాయి కనుక ఆ ఇళ్లవాళ్లు కంచె మీంచి తొంగి చూశారు. ఒక పెరట్లో అప్పటి లివర్‌పూల్ కోచ్ క్లాప్ అట్టబొమ్మ కూడా ప్రేక్షకుడే! క్లబ్బు పది పౌండ్లకు ఉత్తుత్తి టికెట్లు పెడితే 30,000 పైగా అమ్ముడయ్యాయి. మెరీన్ 0–5తో ఓడింది. ఫిబ్రవరిలో దాని లీగ్ సీజనూ అర్ధాంతరంగా ముగిసింది.

మలి వ్యాసంలో ఆ కంచె పక్కవాళ్లకూ కాస్త చోటివ్వాలని వ్యాసకర్తకు మనవి.

– ఓ పాఠకుడు, హైదరాబాద్