బీద విధవరాలి కాసు

యెరూషలేము యాత్ర చేసి వచ్చిన ఒక సహోదరుడు వ్రేలి గోరంత కంచు నాణెము మా చేతిలో పెట్టి, "అయ్యగారూ, ఇది బీద విధవరాలి కాసట. గుడిలో అద్దాల పెట్టెలో పెడదామా?" అని అడిగారు.

ఒక వైపు లంగరు, మరొక వైపు నక్షత్రము. ఇట్టి నాణెములను క్రీ.పూ. 103–76 మధ్య యూదులనేలిన అలెగ్జాండర్ జన్నేయస్ వేయించాడు. ధర్మశాస్త్రమునకు భయపడి ఆ రాజులు మనుష్యరూపము వేయించేవారు కారు. సున్నపురాతి అచ్చులలో కంచు పోసి, వరుసగా వచ్చిన బిళ్లలకు ముద్ర కొట్టి నరికేవారు. అందుకే అంచులు వంకర. బరువు ఇంచుమించు ఒక గ్రాము. రోమా ఏలుబడిలో, మన ప్రభువు దినములలో కూడ ఇవి చెల్లేవి. మార్కు 12వ అధ్యాయములోని రెండు కాసులు ఇట్టివే కావచ్చు. ఇది ఆమెదే అని మాత్రము ఎవరూ చెప్పలేరు.

"రసీదు ఉన్నదా?" అన్నాము. లేదు, వీధిలో కొన్నారట. ఇశ్రాయేలు దేశములో 1978 చట్టము ప్రకారము, ఆ తరువాత భూమిలో దొరికిన పురాతన వస్తువులు ప్రభుత్వమువే. అమ్మేవారికి లైసెన్సు, దేశము దాటించుటకు అనుమతి ఉండాలి. దొంగచాటుగా తవ్వితే, అది ఏ ఇంటి నేలలో, ఏ కాలపు మట్టిలో ఉన్నదో చెప్పే సాక్ష్యము పోతుంది. నకిలీలకూ కొదువ లేదు. సహోదరుని ముఖము చిన్నబోయింది.

అద్దాల పెట్టె వద్దన్నాము. ఆదివారము సండేస్కూలులో సంగతంతా చెప్పి, నాణెమును పిల్లలకు చూపించాము. ఒక చిన్నది అరచేతిలో పెట్టుకొని, "ఇంతేనా అయ్యగారూ?" అన్నది.

ఇంతే. అటువంటివి రెండు. ఆమెకు ఉన్నదంతా అదే.