సముద్రపుటడుగు చిత్రమును చదువువారెవరు?

మర్రిగూడకు సముద్రము రెండువందల కిలోమీటర్ల దూరము. అచ్చటి రైతునకు సముద్రగర్భ శోధనముతో పనియేమని మా పాఠకులు కొందఱు అడుగవచ్చును. 2012, 2013 సంవత్సరముల కరెంటు కోతలలో బోరు నడువక కన్నులయెదుట పైరు ఎండుట చూచినవారు మాత్రము అట్లడుగరు. కృష్ణా గోదావరీ తీరమునందలి సహజవాయువును నమ్మి వేమగిరి, కొండపల్లి మొదలగు చోట్ల కట్టిన విద్యుత్కేంద్రములు ఆ కాలమున వాయువు చాలక చతికిలబడెను. జలాశయములలో నీరు తగ్గుటయు ఒక కారణమే, కాదనము. కాని వాయువు వచ్చునన్న లెక్క తప్పుట చిన్న విషయము కాదు.

కాకినాడ తీరమునకు ఆవల లోతునీటిలోని డి-6 క్షేత్రమున 2002లో రిలయన్సు సంస్థ వాయువును కనుగొనెను. దినమునకు 8 కోట్ల ఘనపు మీటర్లు వచ్చునని 2006నాటి ప్రణాళికలో వ్రాసిరి. 2010లో 6 కోట్లవరకు వచ్చినది. 2013 నాటికి 2 కోట్లకు దిగువకు పడిపోయినది. భూగర్భము తలచినదానికంటె చిక్కులతో కూడియున్నదని సంస్థ యనెను. ఒప్పుకొన్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వ మనెను. ఈ వాదములో తీర్పు చెప్పుట మా పని కాదు. ఆ లెక్క మొదట ఎట్లు పుట్టినదో పాఠకులకు తెలియవలయునని మాత్రము మా కోరిక.

మర్రిగూడ ప్రాంతమున బోరు వేయుటకు ముందు కొబ్బరికాయనో వేపపుల్లనో పట్టి పొలమంతయు తిరుగువారు నేటికిని కలరు. గ్రానైటు రాతి పగుళ్లలో నీరు ఎచ్చట దాగినదో తెలియక ఒకే చేనిలో నాలుగైదు బోర్లు వేసి అప్పుల పాలైన కుటుంబములను మేమెఱుగుదుము. దొరకిన నీటిలోనైనను ఫ్లోరైడు విషము! సముద్రమునందును కష్టము అట్టిదే; ఖర్చు మాత్రము వందల కోట్లు. కావున అచ్చట ధ్వనితో వెదకుదురు. ఓడ వెనుక నీటిలో గాలితుపాకులు కొన్ని సెకనుల కొకమాఱు ఒత్తిడిగాలిని వదలును. ఆ చప్పుడు నీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగమున దిగి, అడుగునున్న మట్టిపొరలను తాకి మరలివచ్చును. కిలోమీటర్ల పొడవున ఓడ లాగుకొనిపోవు తీగలలోని శ్రవణయంత్రములు ఆ ప్రతిధ్వనిని పట్టును.

ఇటీవలి కాలమున ఆ యంత్రములను సముద్రపుటడుగుననే నిలుపు పద్ధతి వ్యాపించినది. దీనియందొక విశేషము కలదు. అడ్డముగా ఊగు తరంగములు రాతిలో నడచును గాని నీటిలో నడువజాలవు. నీటిలో తేలు తీగ వానిని వినదు. అడుగున కూర్చున్న యంత్రము వినును. వాయువున్న చోట సామాన్య ధ్వని మందగించి చెదరిపోవును. అడ్డతరంగము అంతగా చెదరక ఆ పొరల ఆకారమును తెలుపును. వాయువు కొఱకే వెదకు మన తీరమునకు ఇంతకంటె ఉపయుక్తమగు పద్ధతి యేది?

అయినను ఓడ తెచ్చునది చిత్రము కాదు, గందరగోళపు ధ్వని. అలల రొద తీసివేయవలయును. నీటి పైభాగమునకును అడుగునకును నడుమ పదేపదే ఎగిరిపడు దొంగ ప్రతిధ్వనులను ఏరివేయవలయును. ఏ పొరలో ఎంత వేగమో నిర్ణయింపవలయును. వేగము తప్పిన లోతు తప్పును. లోతు తప్పిన లెక్క తప్పును. అడుగడుగునను మనుష్యుని వివేచనము కలదు. ఒకే ధ్వనిని ఇద్దఱు పండితులు రెండు చిత్రములుగా చేయవచ్చును.

ఆ వివేచనము ఎవరి చేతిలో నున్నది? తన పొరుగు క్షేత్రపు వాయువు డి-6 లోనికి ప్రవహించినదని ఓఎన్‌జీసీ 2014లో ఢిల్లీ హైకోర్టు కెక్కినది. రెండు క్షేత్రములకును భూగర్భమున సంబంధము కలదని, వాయువు తరలినదని 2015లో నివేదిక యిచ్చినది అమెరికాలోని డీగోలియర్ మెక్‌నాటన్ అను సంస్థ. 2018లో మధ్యవర్తులు అధికసంఖ్యాక నిర్ణయముతో రిలయన్సు పక్షమున తీర్పిచ్చిరి. 2025 ఫిబ్రవరిలో హైకోర్టు ధర్మాసనము దానిని కొట్టివేసెను. అమెరికావారి పాండిత్యమును మేము శంకింపము. మన గుమ్మము ముందటి సముద్రపు చిత్రమును చదువుటకు డల్లాసు నగరమునకు పోవలసివచ్చుటయే మాకు సిగ్గుగా నున్నది.

పండితులు లేకనా? హైదరాబాదునందు 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ కలదు. సముద్రపు చిత్రములలో గడ్డకట్టిన వాయువు జాడలను వెదకినవారిలో దాని శాస్త్రజ్ఞులు కలరు; 2006లో త్రవ్వకపు ఓడ కృష్ణా గోదావరీ తీరమున అట్టి వాయుపు గడ్డలను పైకి తెచ్చినది. మర్రిగూడ యున్న మునుగోడు నియోజకవర్గముననే, చౌటుప్పలులో, గ్రానైటు నేలలోని నీటిని పరీక్షించు క్షేత్రమును ఆ సంస్థయే నడుపుచున్నది. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయములలో ఈ శాస్త్రము బోధింపబడుచున్నది. లేనిది ధ్వని, అనగా ముడి సమాచారము. దేశపు భాండాగారము 2017లో నోయిడాలో తెఱవబడినది. దాని ప్రతి యొకటి హైదరాబాదునను మఱియొకటి విశాఖపట్టణమునను ఉంచి, తెలుగు విద్యార్థులు రుసుము లేక మరల శుద్ధిచేసి చదువునట్లు కేంద్రప్రభుత్వ మేర్పాటు చేయవలయును. సంస్థల రహస్యములు బయటపడునని కొందఱందురు. పాతబడిన ధ్వనిలో రహస్యమేమి?

2024 జనవరిలో ఓఎన్‌జీసీ తన లోతునీటి క్షేత్రమునుండి తొలి చమురు తీసెను. దాని మీద ఆశపెట్టుకొని రేపు మఱికొన్ని కర్మాగారములు లేవవచ్చును. ఆ క్షేత్రపు అంచనానైనను, సంస్థ యొక్క సొంత లెక్కగానే విడిచిపెట్టక, ఉత్పత్తి తగ్గినదను వార్త వచ్చుటకు ముందే హైదరాబాదు, విశాఖ పండితుల ముందుంచుదురా?